కొలువులో కాగితపు టర్కీ పెట్టవచ్చా?

చామంతి (న్యూజెర్సీ):
ఏటా దసరాకు మా ఇంట్లో అయిదు మెట్ల కొలువు పెడతాను. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి నుంచి రెండంగుళాల కాగితపు టర్కీ కోడిని చేసి తెచ్చింది. ఇక్కడ చెట్ల ఆకులు రంగు మారితే చాలు, బళ్లలో గుమ్మడికాయలు, టర్కీలు మొదలవుతాయి. తోక విసనకర్రలా మడిచిన కాగితం, ఒళ్లు చుట్టిన కాగితపు పట్టీ, నెత్తిన నల్ల టోపీ. దాన్ని కొలువులో పెట్టాల్సిందేనని పిల్ల పట్టు. మా అత్తగారు రాజమహేంద్రవరం నుంచి వచ్చి ఉన్నారు. "కోసుకు తినే కోడికి అమ్మవారి ముందు ఏం పని?" అంటున్నారు. మీరేమంటారు?

గోదారిగట్టు:
అత్తగారి మాటే నా మాట. థాంక్స్‌గివింగ్ పండుగకు, అంటే నవంబరు నాలుగో గురువారం, ఈ దేశంలో దాన్ని కాల్చి బల్ల మీద పెడతారు. ఆ పండుగ గుర్తును ఈ పండుగలోకి తేవడం ఎందుకు? పిల్ల గదిలో కిటికీ దగ్గర పెట్టండి, సరిపోతుంది.

పొణికిచెక్క:
గోదారిగట్టు గారూ, కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఉంటాడు. కల్లు వాసన కూడా పడని ఇళ్లలో ఆ బొమ్మను మురిపెంగా పెట్టుకుంటారు. దశావతారాల వరసలో మొదట ఉన్నది చేప. తినేవాటిని తీసేయాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి మరి! కింది మెట్టంటే ఊరు. ఊళ్లో ఉన్నవన్నీ అక్కడ ఉంటాయి. ఆ పిల్ల ఊరు న్యూజెర్సీ.

మసాచుసెట్స్ మాస్టారు:
నా అభ్యంతరం మాంసం గురించి కాదు, వలసవాసుల గుర్తుగా పెట్టే ఆ టోపీ గురించి. 1621లో మా రాష్ట్రంలోని ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వచ్చిన వలసవాసులు, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలు కలిసి పంట విందు చేసుకున్నారన్న కథనే బళ్లలో ముద్దుగా చెబుతారు. ఆ తర్వాత ఆ ప్రజల నేల ఏమైందో చెప్పరు. 1970 నుంచి అదే ప్లిమత్‌లో, అదే గురువారం నాడు, మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. నేను ఒకసారి వెళ్లి నిలబడి విన్నాను. అప్పటి నుంచి టోపీ పెట్టిన టర్కీని చూస్తే నవ్వు రాదు.

ఉల్లిపొర:
అయితే టోపీ తీసేయండి మాస్టారూ! పక్షి ఏం పాపం చేసింది? పడవలు రాకముందు నుంచీ అది ఆ అడవులదే.

మన దేశానికీ అది కొత్తది కాదు. 1612లో ముకర్రబ్ ఖాన్ అనే మొగలు అధికారి గోవా నుంచి జహంగీరుకు తెచ్చి ఇచ్చిన వింతల్లో టర్కీ కోడి ఒకటి. దాని తల, మెడ ఊసరవెల్లిలా రంగులు మారుస్తున్నాయని చక్రవర్తి అబ్బురపడి రాసుకున్నాడు. ఉస్తాద్ మన్సూర్ వేసిన దాని బొమ్మ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇంకో తమాషా, టర్కీ దేశస్థులు ఈ పక్షిని "హిందీ" అంటారు, అంటే ఇండియాది అని. ఎవరికి వారు పొరుగువారి మీదకు నెట్టేశారు.

గోదారిగట్టు:
జహంగీరు కొలువు వేరు, మన కొలువు వేరు.

ఉల్లిపొర:
ఈ మాటకు మాత్రం నవ్వాను, ఒప్పుకుంటున్నాను.

చామంతి గారూ, చర్చ ఎటు తేలినా ఆ బొమ్మ వెనక్కి పడిపోతుంది చూసుకోండి. ఈ చిన్న టర్కీలన్నిటికీ అదే జబ్బు, తోక బరువు. మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు కాగితాన్ని పావంగుళం మడతలుగా మడిచి, నడుమ దారంతో కట్టి, రెండు సగాలనూ పైకి తెచ్చి అంటిస్తే తోక వస్తుంది. దాని ముందు ఇంకాస్త చిన్న మడతను వేరే రంగులో పెట్టవచ్చు. ఒంటికి చుట్టిన పట్టీని వేలితో మెల్లగా నొక్కి బోర్లించిన గిన్నెలా చేసి, లోపల పల్చగా జిగురు పూయాలి. అడుగున ఒక సెంటు నాణెం అంటిస్తే నిలబడుతుంది. అసలు పక్షి గోధుమరంగుదే అయినా, పిల్ల ఊదా రంగు వేసి ఉంటే దిద్దకండి.

చామంతి (న్యూజెర్సీ):
మాస్టారి మాట చెప్పగానే మా అమ్మాయి తనే టోపీ పీకేసింది. కాస్త తల చిరిగింది, ఎర్ర కాగితం ముక్కతో కప్పాం. నాణెం కూడా అంటించాం. అత్తగారు మెట్టు మీదకు రానివ్వలేదు కానీ, కింద ఆవాలు చల్లి మొలకెత్తించిన పచ్చికలో చోటిచ్చారు. "అడవి పక్షి అడవిలో ఉంటుంది" అన్నారు.

గోదారిగట్టు:
మెట్టెక్కలేదు కదా! గెలిచింది అత్తగారే.

చామంతి (న్యూజెర్సీ):
రెండు రోజులు ఆగి ఈ మాట రాస్తున్నాను. ఇవాళ పొద్దున ఆవిడే పిల్లను పిలిచి, ఒంటరిగా ఉందేమిటి, జంటగా ఇంకోటి చేయమన్నారు. ఆడ టర్కీ మామూలుగా అలా పురి విప్పదని చెప్పాను.

"అయితే పని తక్కువే" అన్నారు.