50 కౌబాయ్ సినిమాల డీవీడీ పెట్టె 3 డాలర్లకి తెచ్చా, ఇందులో చూడదగ్గవి ఉన్నాయా?

తెనాలి_టు_టెక్సాస్:
మా నాన్న ఆరు నెలలకని వచ్చారు, నెల తిరక్కుండానే ఏం తోచట్లేదంటున్నారు. మొన్న ఇక్కడ పాత సామాన్ల షాపులో కౌబాయ్ సినిమాల పెట్టె కనపడింది, 12 డిస్కులు 50 సినిమాలు, మూడు డాలర్లే కదా అని తెచ్చేశా. నాన్నది బుర్రిపాలెం పక్కనే, కృష్ణ అంటే ప్రాణం, 71లో మోసగాళ్ళకు మోసగాడు మొదటి వారంలోనే చూశానని ఇప్పటికీ చెప్తారు, 2023లో కృష్ణ పుట్టినరోజుకి 4కేలో మళ్ళీ వేస్తే మళ్ళీ వెళ్ళారు. అలాంటి మనిషికి ఇవి నచ్చుతాయనుకున్నా. తీరా డిస్కు పెడితే బొమ్మ బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది, సౌండు గరగర, నాన్నేమో "క్లింట్ ఈస్ట్‌వుడ్ ఏడిరా" అని అడిగారు. 50లో ఎక్కడా లేడు! డబ్బు దండగేనా?

రీలుడబ్బా:
ఆ పెట్టెల్లో ఈస్ట్‌వుడ్ దొరకడు బాబూ. అమెరికాలో 1964కి ముందు వచ్చిన సినిమాకి కాపీరైట్ మొదట 28 ఏళ్ళే ఉండేది, ఆ చివరి ఏడాదిలో మళ్ళీ అప్లికేషన్ పెట్టుకోవాలి, పెట్టకపోతే సినిమా జనం సొత్తు, ఎవరైనా డిస్కు కొట్టి అమ్ముకోవచ్చు. ఆ పెట్టెల్లో ఎక్కువ ఇలా వదిలేసినవే. అసలు నెగిటివ్ మాత్రం ఆ డిస్కులు కొట్టేవాళ్ళ చేతిలో ఉండదు కదా, ఎక్కడో టీవీ స్టేషన్లలో తిరిగి తిరిగి అరిగిన 16 ఎంఎం ప్రింటు దొరికితే అదే వేస్తారు. పైగా ఒక్కో వైపు రెండు మూడు సినిమాలు కుక్కుతారు, బొమ్మ అలా కాక ఇంకెలా ఉంటుంది.

అయినా దండగ కాదు. ముందు జాన్ వేన్‌వి తీయి, 1933 నుంచి 35 దాకా లోన్ స్టార్ అనే కంపెనీకి 16 చేశాడు, అన్నీ గంటలోపే. అప్పటికి ఆయన స్టార్ కాదు, ఆయన్ని స్టార్ చేసిన స్టేజ్‌కోచ్ 1939లో గానీ రాలేదు. రాండీ రైడ్స్ అలోన్ ఉందేమో చూడు, 1934ది. హీరో సారాకొట్లోకి అడుగు పెడతాడు, పియానో దానంతటది వాయిస్తూ ఉంటుంది, లోపల అందరూ శవాలు. చవక సినిమా అని ఎవడంటాడు ఆ సీను చూసి!

అబిడ్స్_ఆదివారం:
మాకు మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి వచ్చినప్పుడు పండుగే. కానీ కౌబాయ్ సినిమాలు ఎక్కువ అబిడ్స్ ఫుట్‌పాత్ మీదనే కొన్న నేను. ఒక ముచ్చట చెప్త, ఈస్ట్‌వుడ్‌ది ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్, ఇటలోళ్ళు తీసింది, గట్లనే తెచ్చుకున్న, చివర్ల తుపాకులు పట్టుకొని ఎదురెదురుగ నిలబడ్తరు కదా, నా డిస్కుల ఒక్కడే కనిపిస్తుండు, అవతలోడు పక్కకు కోసుకుపోయిండు! వెడల్పు తెరకి తీసిన సినిమాని పాత డబ్బా టీవీకి సరిపోయేటట్టు రెండు పక్కలు కోసేసిన్రు. అందుకే అన్నా, అట్ట మీద ఫుల్ స్క్రీన్ అని ఉంటే ఇటలోళ్ళ సినిమాలు ముట్టకు. 1930లు, 40లవి అయితే భయం లేదు, అవి తీసుడే ఆ డబ్బా టీవీ ఆకారంల తీసిన్రు.

గుర్రంబండి:
యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదండీ అవన్నీ, డిస్కులెందుకు ఇంకా?

ఎడిసన్_వదిన:
మా మావగారికి యూట్యూబ్ పెట్టిస్తే రెండో నిమిషంలో యాడ్, అది నొక్కబోయి ఇంకోటి నొక్కి భక్తి ఛానల్లోకి వెళ్ళిపోయేవారు, నేను వంట వదిలేసి పరిగెత్తుకురావాలి. డిస్కైతే పెడితే అయిపోతుంది. మాకొచ్చిన కష్టం సబ్‌టైటిల్స్. ఈ చవక పెట్టెల్లో చాలావాటికి ఉండవు, పైగా వాళ్ళ యాస, నాకే సగం అర్థం కాదు. కానీ చిన్న సినిమాలకి మాటల్తో పనేముంది, పొలం లాక్కునేవాడు, నీళ్ళకి అడ్డం పడేవాడు, మంచి ముసలాయన, ఆయన కూతురు, మావగారు మొదటి పది నిమిషాల్లో విలన్ ఎవరో చెప్పేసేవారు. మాటలు ఎక్కువున్నవి మాత్రం వదిలేయండి. మెక్‌లింటాక్ ఆ పెట్టెల్లో కనిపిస్తూ ఉంటుంది, జాన్ వేన్, మొగుడూ పెళ్ళాల గొడవ, 1963ది, అది సబ్‌టైటిల్స్ ఉన్న మంచి డిస్కు లైబ్రరీలో అడిగి తెచ్చుకోండి, రంగుల కోసమైనా. (చివర్లో భార్యని అందరి ముందూ కొట్టడం నాకసలు నచ్చలేదు, మావగారు పడీ పడీ నవ్వారు, ఆ పూట కాఫీ లేటుగా ఇచ్చా.)

రీలుడబ్బా:
వదినగారు చెప్పింది కరెక్ట్. హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో డైరెక్ట్ చేసిన ఒకే ఒక్క సినిమా వన్ ఐడ్ జాక్స్, 1961, అదీ ఈ పెట్టెల్లో పడి ఉంటుంది. కౌబాయ్ సినిమాలో సముద్రం, అలలు, అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. పెట్టెలో ప్రింటులో ఆ సముద్రం బురదగుంటలా ఉంటుంది, 2016లో బాగుచేసిన ప్రింటు బయటికొచ్చింది, చూస్తే అదే చూడాలి. నా లెక్క ఏంటంటే పెద్ద సినిమాకి మంచి ప్రింటు వెతుక్కో, ఎవరూ పట్టించుకోని గంట సినిమాకి పెట్టె చాలు.

తెనాలి_టు_టెక్సాస్:
పది రోజులయింది, అప్‌డేట్. నాన్న 14 చూసేశారు! బొమ్మ సంగతి మర్చిపోయారు, "మా ఊరి టూరింగ్ టాకీస్‌లో ఇంతకన్నా బాగుండేదా ఏంటి" అంటున్నారు. యకీమా కానట్ అని ఒకాయన ఉన్నాడు, విలన్ వేషమూ వేస్తాడు, జాన్ వేన్‌కి డూప్ కూడా ఆయనే. ఈ సంగతి నేను చదివి చెప్పా, అప్పట్నుంచీ నాన్న కథ చూడట్లేదు, గుర్రం మీంచి దూకేవాడి మొహం కనపడుతుందేమోనని ఆపి ఆపి చూస్తున్నారు. ఒకే రాళ్ళ గుట్ట నాలుగు సినిమాల్లో గుర్తుపట్టారు కూడా, మొన్న చచ్చినవాడు ఇక్కడే చచ్చాడుగా అని.

ఒక్కటే గొడవ, డిస్కు రెండు వైపులా సినిమాలే, పేర్లు మధ్య చిల్లు చుట్టూ చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. భూతద్దం కొనిచ్చా, మూడు డాలర్ల పెట్టెకి ఏడు డాలర్ల భూతద్దం.

ఇప్పుడు వెళ్ళేటప్పుడు పెట్టె తెనాలి తీసుకెళ్తానంటున్నారు, అక్కడి ప్లేయర్‌లో ఆడుతుందా?

అబిడ్స్_ఆదివారం:
అట్ట వెనక గ్లోబు బొమ్మ ఉందా చూడన్నా. అందుల 1 అని ఉంటే అది అమెరికాదే, మన ఇండియా నంబరు 5, ప్లేయర్ మొండికేస్తది. 0 గానీ ఆల్ గానీ ఉంటే ఏ నంబరు ప్లేయరైనా ఒప్పుకుంటది. గ్లోబే లేకుంటే ఒక డిస్కు ఎవరితోనన్న ముందు పంపి ఆడిచ్చి చూడు, 12 మోసుకపోయినంక తెలిస్తే నాన్న నిన్ను తిడ్తడు.

తెనాలి_టు_టెక్సాస్:
0 అనే ఉందన్నా! భూతద్దంతో నాన్నే చూసి చెప్పారు.