మూర్ఛ మీద అవగాహన కోసం సరస్సులో ఈత: తమ్ముణ్ణి కూడా దింపవచ్చా?

సరస్సుగట్టు:
మా తమ్ముడికి మూర్ఛ ఉంది. మేం కొందరం కలిసి సరస్సులో 3 కిలోమీటర్లు ఈది, వచ్చిన విరాళాలు మూర్ఛ ఉన్నవాళ్ల మందులకు ఇద్దామనుకున్నాం. ఇప్పుడు వాడు నేనూ ఈదుతా అంటున్నాడు. ఈత బాగా వచ్చు, మందులు మానడు, ఫిట్స్ వచ్చి ఏడాది దాటింది, అయినా నాకు టెన్షన్. వద్దంటే "నా జబ్బు గురించి చెప్పడానికి నన్నే గట్టున కూర్చోబెడతారా" అంటాడు. ఏం చేయమంటారు?

ఈతకోచ్:
ముందు న్యూరాలజిస్టుని అడగండి, ఆయన వద్దంటే ఇక మాట్లాడేదేం లేదు. నీళ్లలో ఫిట్స్ వస్తే కేక వేయడం, చేయి ఊపడం ఉండదండీ, చప్పుడు లేకుండా మునిగిపోతారు, అందుకే దూరంగా పడవలో లైఫ్‌గార్డు ఉంటే సరిపోదు. మీ తమ్ముడికంటే బాగా ఈదగలిగినవాళ్లు ఒకరు, అతణ్ణి మాత్రమే చూస్తూ, చేతికి అందేంత దగ్గరలో ఈదాలి. నడుముకి కట్టుకునే రంగు ఫ్లోట్‌ని నమ్ముకోవద్దు, అది దూరం నుంచి కనపడటానికే, స్పృహ తప్పితే ముఖాన్ని పైకి లేపి ఉంచదు. ఫిట్స్ వస్తే తల వెనకనుంచి పట్టి ముఖం నీటిపైన ఉంచాలి, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, కుదుపులు ఆగాకే ఒడ్డుకి తేవాలి. తర్వాత లేచి మామూలుగా మాట్లాడినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు.

సరస్సుగట్టు:
అలా పక్కన ఈదడం నావల్ల కాదు, వాడే నాకంటే వేగం. పూల్‌లో వాడికి నేర్పే సార్‌ని అడుగుతా.

నిర్వాహకురాలు:
మీ తమ్ముడు అన్నది న్యాయమే. ఆటిజం ఉన్న జియా రాయ్ 2022లో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి తమిళనాడులోని ధనుష్కోడి దాకా, మధ్యలో ఉన్న పాక్ జలసంధి అనే సముద్రాన్ని 13 గంటలకు పైగా ఈదింది, ఆటిజం గురించి వేరేవాళ్లు ఎంత మాట్లాడినా అంత బలంగా చెప్పలేరు. కానీ 3 కిలోమీటర్లూ ఈదితేనే లెక్క అని ఎవరన్నారు? డాక్టర్ ఒప్పుకుంటే ఒడ్డు వెంబడి, కాళ్లు నేలకి ఆనే లోతులో చివరి కొంచెం దూరం అతనికి వదిలేయండి, పక్కన మనిషి మాత్రం అక్కడా ఉండాలి. ఇంకో మాట, ఈత సాగినంతసేపూ గట్టుమీద జనం ఊరికే నిలబడి ఉంటారు, ఆ సమయం వృథా చేయకండి. ఫిట్స్ వచ్చినవాళ్లని పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూసి 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవడం, ఇవి అక్కడే చేసి చూపించండి, వాళ్లచేత చేయించండి. ఫొటోలకంటే అదే పనికొస్తుంది.

నిద్రముఖ్యం:
నాకూ మూర్ఛ ఉంది. అందరూ నీళ్ల గురించే చెప్పారు, నాకైతే ముందురోజు రాత్రి గురించే భయం. ఇలాంటి ఈతలు తెల్లవారుజామునే మొదలుపెడతారు, దానికోసం అర్ధరాత్రి లేవడం, హడావుడిలో మాత్ర మర్చిపోవడం, రెండూ ఫిట్స్ తెప్పించేవే. వీలైతే ఈత కాస్త పొద్దెక్కాక పెట్టండి. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోతే ఆ రోజు నీళ్లలోకి దిగనని అతను ముందే మీకు మాటివ్వాలి, మీరు కూడా అప్పుడు బలవంతపెట్టకూడదు.