ఆర్ద్ర ఇప్పుడు ఉన్నట్టా, లేనట్టా? మనం చూసేది చుక్కనా, దాని పాత వెలుగునా?

ఒంగోలు రాత్రి:
మొన్న కొత్తపట్నం బీచ్‌లో మా బావకీ నాకూ పెద్ద వాదన అయింది. ఆకాశంలో కనపడే చుక్కల్లో సగం ఎప్పుడో చచ్చిపోయాయంట, అవి పోయినా వాటి వెలుగు దారిలో ఉండబట్టి ఇంకా వస్తానే ఉందంట. ఆర్ద్ర ఎర్రగా మెరుస్తుంటే దాన్ని చూపించి "అదిగో, అది లేనే లేదు" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు, కాదనడానికి చేతిలో లెక్కా లేదు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నిజంగా సగం చుక్కలు లేవా? ఒకవేళ ఉన్నా, వందల ఏళ్ళ కిందటి వెలుగు కంట్లో పడితే "నేను నక్షత్రాన్ని చూశాను" అని చెప్పుకోవచ్చా?

కావలి కుర్రోడు:
మీ బావ చెప్పింది కరెక్టే అన్నా, ఇందులో వాదన ఏముంది. కాంతి సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, అయినా ఆ చుక్కల దగ్గర్నుంచి ఇక్కడికి రావడానికి వందల ఏళ్ళు, వేల ఏళ్ళు పడుతుంది. ఈలోపు అది పేలిపోయినా మనకి కబురు రాదు. కబురు రానప్పుడు ఉందని ఎట్టా అంటాం? సగం పోయుంటాయి, అంతే.

సోమశిల చుక్కలు:
కబురు రాలేదు కాబట్టి పోయుంటుంది అనడం ఏం లెక్క తమ్ముడూ? మా అబ్బాయి హైదరాబాద్ నుంచి రెండు రోజులు ఫోన్ చేయకపోతే అట్టా అనుకోను కదా.

చుక్క ఎంత దూరంలో ఉంది అనేది ఒక్కటే చూస్తే చాలదు, అది ఎంతకాలం బతుకుతుంది అనేది కూడా పక్కన పెట్టి చూడాలి. వెలుగు ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం. మృగవ్యాధుడు 8.6 కాంతి సంవత్సరాలు, అభిజిత్ 25, స్వాతి 37, రోహిణి 65, చిత్ర 250, అగస్త్య 310. ఊరి లైట్లు లేని చోట కంటికి కనపడే చుక్కలు మొత్తం ఆకాశం మీద 6 వేలు ఉంటాయని అంచనా, అందులో ఎక్కువ భాగం వెయ్యి, రెండు వేల కాంతి సంవత్సరాల లోపే. ఇక ఆయుష్షు సంగతి. సూర్యుడి లాంటిది వెయ్యి కోట్ల ఏళ్ళు వెలుగుతుంది. బాగా బరువైన చుక్కలు తొందరగా కాలిపోతాయి, వాటిదే అందరికంటే తక్కువ ఆయుష్షు, అదీ కనీసం 30 లక్షల ఏళ్ళు. అంత ఆయుష్షున్న దాని వెలుగు వెయ్యేళ్ళ కిందట బయల్దేరిందనుకో, సరిగ్గా ఆ వెయ్యేళ్ళలోనే అది చచ్చిపోయి ఉండటానికి అవకాశం వేలల్లో ఒకటి. 6 వేలకీ కలిపి చూసినా ఒకటో అరో పోయుండొచ్చు, అసలు ఒక్కటి కూడా పోకపోయి ఉండొచ్చు. సగం అనేది మాత్రం ఎవరో కవిత్వంగా అన్న మాట. వినడానికి బాగుంది కాబట్టి రీల్స్‌లో తిరుగుతా ఉంది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. గత వెయ్యేళ్ళ పైచిలుకులో జనం కంటితో చూసి రాసిపెట్టిన పేలుళ్ళలో గట్టివి 1006, 1054, 1181, 1572, 1604. తర్వాత 1987లో ఒకటి, అది మన పాలపుంతలో కాదు, పక్క గెలాక్సీలో, దాదాపు లక్షా 68 వేల కాంతి సంవత్సరాల అవతల. వీటిలో ఒక్కటి కూడా అంతకు ముందు జనం కంటితో చూస్తూ వచ్చిన చుక్క కాదు. సగం చుక్కలు చచ్చిపోయుంటే ఆ కబుర్లు ఏటా వస్తానే ఉండాలి కదా. వాటి చావు వెలుగు కూడా ఇదే దారిలో, ఇదే వేగంతో రావాల్సిందే.

జువ్వలదిన్నె:
నేను పడవ మనిషిని. మా నాయన గొల్లకావడి చుక్కలు, పిల్లలకోడి, వేగుచుక్క చూసి టైము చెప్పేవాడు, దిక్కు చెప్పేవాడు. ఇప్పుడు జీపీఎస్ వచ్చింది కాబట్టి ఎవరూ తల ఎత్తడంలేదు గానీ చుక్క ఉందా పోయిందా అని మా నాయన ఎప్పుడూ అడగలా. ఉన్న చోట కనపడితే దిక్కు తెలిసింది, అంతే పని. మీరంతా చదువుకున్నోళ్ళు కదా, ఇంత టెన్షన్ దేనికబ్బయా?

కావలి కుర్రోడు:
సోమశిల అన్నా, లెక్క బాగానే ఉంది గానీ ఆర్ద్ర మాటేమిటి? అంటే బెటెల్‌జ్యూస్. 2019 చివర్లో, 2020 మొదట్లో బాగా మసకబారిందిగా, అప్పుడు శాస్త్రవేత్తలు కూడా పేలిపోతుందేమో అన్నారు. అది ముసలి చుక్క. వెయ్యి చుక్కల సగటు తెచ్చి ముసలిదానికి పెడితే ఎట్టా?

సోమశిల చుక్కలు:
మంచి ప్రశ్నే. ఆర్ద్ర నిజంగా ముసలిదే, పేలేదే. కానీ చుక్కల లెక్కలో "త్వరలో" అంటే లక్ష ఏళ్ళు అటూ ఇటూ. దాని దూరం మీద ఇంకా గొడవ ఉంది, లెక్కలు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దాకా చెబుతున్నాయి. అంటే ఇవాళ మన కంట్లో పడే ఆ ఎరుపు, దగ్గరి లెక్క తీసుకుంటే రాయలు 1514లో ఉదయగిరి కోట పట్టుకున్న రోజుల నాటిది. దూరపు లెక్క తీసుకుంటే అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రెడ్డి రాజ్యం మొదలుపెట్టిన 1325 నాటిది. మనకి ఇది చాలా పాత కథ. లక్ష ఏళ్ళలో 600 ఏళ్ళంటే వందలో ఒక వంతు కూడా కాదు. కాబట్టి ఆర్ద్ర ఉందనే నేను పందెం కాస్తా.

2020లో మసకబారింది కూడా పేలడానికి కాదు. అది తన ఒంటి మీది పదార్థాన్ని బయటికి కక్కింది, అది చల్లబడి ధూళిగా మారి మన వైపు అడ్డం వచ్చింది అని తర్వాత తేల్చారు. ఆ రోజుల్లో నేను మిద్దె మీద నుంచి చూసేవాణ్ణి. పక్కనున్న రోహిణితో పోల్చుకుంటే తేడా మామూలు కంటికే తెలిసిపోయేది.

చచ్చిపోయి ఉండొచ్చు అని నేను ఒప్పుకునే చుక్క ఒకటుంది, ఎటా కెరీనా. 7,500 కాంతి సంవత్సరాల దూరం, భయంకరమైన బరువు, 1840ల్లో ఒకసారి రేగి ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన చుక్క అయి కూర్చుంది. అది ఈపాటికి పేలిపోయిందని ఎవరైనా అంటే నేను కొట్లాడను.

మాలకొండ:
మీరంతా లెక్కల్లో పడి అసలు ప్రశ్న వదిలేశారు. ఉందో లేదో పక్కన పెట్టండి, చూసేది దేన్ని? సూళ్లూరుపేటలో నిలబడి రాకెట్ చూసినవాళ్ళకి తెలుసు (షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, జిల్లా మారి తిరుపతిలోకి పోయింది గానీ మా వాళ్ళకి అది ఇప్పటికీ నెల్లూరు రాకెట్టే). ముందు వెలుగు కనపడుతుంది, ఒక నిమిషం పైన ఆగి ఉరుము వినపడుతుంది. ఆ ఉరుము చెవిన పడేసరికి రాకెట్ నేల దగ్గర లేదు, ఎంతో పైకి పోయింది. నేను విన్నది రాకెట్‌నా? కాదు, అది వదిలిపెట్టి పోయిన చప్పుడుని. చుక్కా అంతే. మీరు చూసేది వెలుగుని, చుక్కని కాదు.

ఫిజిక్స్ అక్క:
మాలకొండ గారూ, ఆ వాదన పట్టుకుంటే మీరు జీవితంలో దేన్నీ చూడలేదు. ఎదుటి మనిషి ముఖం నుంచి వెలుగు రావడానికి కొన్ని నానోసెకన్లు, చందమామ నుంచి 1.3 సెకన్లు, సూర్యుడి నుంచి 8 నిమిషాల 19 సెకన్లు. ఏ గీత దగ్గర "వస్తువుని చూశాను" ఆగిపోయి "వెలుగుని మాత్రమే చూశాను" మొదలవుతుంది? ఉరుము విన్నవాడు "రాకెట్ విన్నాను" అనే అంటాడు, తప్పేం లేదు. చూడటం అంటేనే దాని నుంచి బయల్దేరిన వెలుగు కంట్లో పడటం. ఇందులో ఆలస్యం లేని రకం ఒకటి విడిగా లేదు.

వెలుగుకి టైం పడుతుందని మొదట పట్టింది కూడా చుక్కలు చూసేవాళ్ళే. 1676లో రోమర్ అనే ఆయన గురుగ్రహం చుట్టూ తిరిగే ఇయో అనే ఉపగ్రహానికి పట్టే గ్రహణాలు లెక్కవేసిన టైముకి కాకుండా ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతున్నాయని గమనించాడు. భూమి గురుడికి దూరం జరిగినప్పుడు వెనక, దగ్గరైనప్పుడు ముందు. వెలుగు భూమి కక్ష్యని దాటడానికి పట్టే టైము ఆయన లెక్కలో కొంచెం ఎక్కువ వచ్చింది, ఆలోచన మాత్రం సరిగ్గా ఉంది.

ఇంకోటి, మీరందరూ "ఇప్పుడు" అనే మాటని చాలా ధైర్యంగా వాడేస్తున్నారు. కదిలేవాడి "ఇప్పుడు", కూర్చున్నవాడి "ఇప్పుడు" దూరాన ఒకటి కావని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. ఒంగోలు తమ్ముడు బీచ్‌లో ఆర్ద్ర వైపు గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే, ఇసకలో కూర్చున్న బావ "ఇప్పుడు"కీ తమ్ముడి "ఇప్పుడు"కీ ఆర్ద్ర దగ్గర నిమిషం పైన తేడా వస్తుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గరైతే 4 రోజులు. జువ్వలదిన్నె అన్నా, ఇది ఉత్త మాట కాదు, మీ పడవలో జీపీఎస్ పనిచేయడానికి ఉపగ్రహాల గడియారాలని ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాలతోనే రోజుకి 38 మైక్రోసెకన్లు సరిచేస్తారు.

మాలకొండ:
నిమిషం తేడానే కదా అక్కా. 600 ఏళ్ళ ముందు నిమిషం ఎంత? మామూలుగా "ఇప్పుడు ఉందా" అని అడగడానికి అది అడ్డం రాదు.

సోమశిల చుక్కలు:
ఈ ఒక్క చోట నేను మాలకొండ పక్షం. అక్క చెప్పింది నిజమే, కానీ ఆర్ద్ర విషయంలో అది ప్రశ్నని చంపేయదు, అంచు కొంచెం మసక చేస్తుంది. ఆండ్రోమెడా దగ్గరికి వస్తే కథ వేరు. అక్కడ 4 రోజుల తేడా కాదు నేను చెప్పేది. 25 లక్షల ఏళ్ళంటే బరువైన నీలి చుక్కల ఆయుష్షుతో సమానంగా నడుస్తుంది. ఉదయగిరి కొండల వైపు, ఊరి లైట్లూ రొయ్యల చెరువుల లైట్లూ లేని చోట, నవంబరు డిసెంబరుల్లో ఉత్తరాన బాగా ఎత్తులో ఒక మసక మచ్చలాగా కనపడేది అదే. ఆ మచ్చలో కలిసిన వెలుగులో కొంత మాత్రం నిజంగానే చచ్చిపోయిన చుక్కలది. మీ బావ దాన్ని చూపించి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి.

కావలి కుర్రోడు:
సరే, ఇంకొకటి. వెలుగు ప్రయాణం చేసినంతసేపూ దానికి టైమే గడవదంటగా. అంటే వెలుగు లెక్కలో చుక్కా నా కన్నూ ఒకే క్షణం. అప్పుడు పాత వెలుగు అనే మాటే తప్పు కదా? పైగా సూర్యుడి లోపల పుట్టిన వెలుగు బయటికి రావడానికే లక్ష ఏళ్ళు అంటారు.

ఫిజిక్స్ అక్క:
"వెలుగు లెక్కలో" అనేదే లేదు తమ్ముడూ. వెలుగుతో పాటు కదులుతూ గడియారం పట్టుకుని కూర్చునే చోటు ఆ సిద్ధాంతంలో లేదు, లేని చోటులో కూర్చుని టైం ఎంతైంది అని అడగకూడదు. సూర్యుడిది కూడా అంతే. లోపలి నుంచి శక్తి బయటికి రావడానికి వేల ఏళ్ళ నుంచి లక్ష ఏళ్ళ పైదాకా లెక్కలున్నాయి, నిజమే, కానీ ఒకే ఫోటాన్ (వెలుగు రేణువు) అంతసేపు తిరిగి తిరిగి రాదు. దారిలో పీల్చుకోవడం, మళ్ళీ కొత్తది పుట్టడం, అలా లెక్కలేనన్ని సార్లు. మనకి చేరేది ఉపరితలం దగ్గర పుట్టిన కొత్త వెలుగు.

ఒంగోలు రాత్రి:
నాకు ఒకటి అర్థం కావడంలేదు అక్కా. ఆర్ద్ర అన్ని దిక్కులకీ వెలుగు చల్లుతుంది. 600 కాంతి సంవత్సరాల దూరం పరుచుకున్నాక అది ఎంత పలచబడి ఉండాలి? అందులో నా కంట్లోకి ఎంత వస్తుంది?

ఫిజిక్స్ అక్క:
ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. చీకటికి అలవాటు పడ్డాక, దానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఫోన్ చూశారా మళ్ళీ మొదటికి వస్తుంది, కనుపాప 6, 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఆ చిన్న రంధ్రంలోకి ఆర్ద్ర నుంచి సెకనుకి లక్షకు పైనే ఫోటాన్లు వచ్చి పడతాయి. కష్టం మీద కనపడే చుక్క నుంచైతే సెకనుకి వెయ్యి చిల్లర. వాటిలో రెటీనా, అంటే కంటి వెనక పొర, పట్టుకున్న ప్రతి ఒక్కటీ ఒకే ఒక కణం మీద, ఒక్క చోట పడుతుంది. మళ్ళీ అదే వెలుగు అన్ని వందల ఏళ్ళు నడిచొచ్చినా అలలాగే ప్రవర్తిస్తుంది. 1920లో మౌంట్ విల్సన్ దూరదర్శినికి అద్దాలు కట్టి, మైకెల్సన్ వాళ్ళు ఆర్ద్ర వెలుగుని రెండు చోట్ల పట్టి కలిపి చూస్తే అలల చారలు కనపడ్డాయి. అద్దాల మధ్య దూరం పెంచుకుంటూ పోతే సుమారు 10 అడుగుల దగ్గర ఆ చారలు మాయమయ్యాయి, దాన్నిబట్టి చుక్క వెడల్పు లెక్కకట్టారు. సూర్యుడు కాకుండా ఒక నక్షత్రం సైజు కొలవడం అదే మొదటిసారి.

మాలకొండ గారికి నా జవాబు ఇదే. చుక్క ఎంత వెడల్పో కూడా ఆ వెలుగులోనే రాసి ఉంటే, చూసింది చుక్కని కాదు అని ఎట్టా అంటారు?

మాలకొండ:
కొలిచింది 1920 నాటి చుక్కని కాదు, దానికి వందల ఏళ్ళ ముందరి చుక్కని. నా మాట మీద నేనున్నా.

సోమశిల చుక్కలు:
ఉండండి, తప్పేం లేదు. "వందల ఏళ్ళ ముందరి చుక్కని చూశాను" అంటే నాకూ సమ్మతమే. అందులో చుక్క ఉంది కదా. ఒంగోలు తమ్ముడూ, మీ బావకి "సగం లేవు అనేది అబద్ధం, పాతవి చూస్తున్నాం అనేది నిజం" అని ఈ రెండూ విడదీసి చెప్పు.

జువ్వలదిన్నె:
అది సరే, ఆ చచ్చిపోయుండొచ్చు అన్న కెరీనా మాకు కనపడుద్దా? ఏ టైములో చూడాల?

సోమశిల చుక్కలు:
కనపడుతుంది. ఢిల్లీ వాళ్ళకి దాదాపు దొరకదు గానీ మనకి దక్షిణాన 16 డిగ్రీల ఎత్తు దాకా లేస్తుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి 9 గంటలకి నేరుగా దక్షిణం చూడండి, త్రిశంకు చుక్కలకి కుడిపక్కన. బైనాక్యులర్ ఉంటే చుట్టూ మబ్బులాంటిది కూడా తెలుస్తుంది. అక్కడే ఇంకో రెండు గంటలు ఆగితే మనకి అందరికంటే దగ్గరి చుక్కల జట్టు ఆల్ఫా సెంటారీ కూడా పైకి వస్తుంది, దాని వెలుగు వయసు 4 ఏళ్ళు దాటి కొన్ని నెలలే.

జువ్వలదిన్నె:
ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, పడవలు ఒడ్డునే ఉంటాయి. రాత్రి ఇసకలోనే పడుకుంటాం, చూస్తాలే. మా నాయన్ని కూడా అడుగుతా, దానికి ఆయన ఏ పేరు పెట్టాడో.

కావలి కుర్రోడు:
నేను మాత్రం ఆర్ద్ర పోయిందనే అంటా. సోమశిల అన్నా, పందెం అన్నావుగా, ఎంత?

సోమశిల చుక్కలు:
కాస్తా గానీ, గెలిచినోడికి డబ్బు ఇవ్వడానికి 600 ఏళ్ళు ఆగాలి తమ్ముడూ.