హోరస్ అంటే అపోలోయేనా? చార్టులో ఏది రాయాలి?

అరండల్‌పేట:
విజయవాడలో కాలేజీ ఎగ్జిబిషన్‌కి పిల్లలతో చార్టు వేయిస్తున్నాం. రెండు కాలమ్‌లు: ఈజిప్టు దేవత, ఆ దేవతకి సాటిగా చెప్పే గ్రీకు దేవత. చిక్కేమిటంటే ఐసిస్ ఎదురుగా ఒకచోట డిమీటర్, ఇంకోచోట అఫ్రొడైటీ. హెర్మీస్‌కి థోత్, అనూబిస్ ఇద్దరూ. వీటిలో ఏది తప్పు?

బ్రాడీపేట:
ఏదీ తప్పు కాదండి, మీ కాలమ్‌లే చాలవు. మూడోది "ఏ పోలికతో" అని గీయించండి. రాత, విద్య చూస్తే హెర్మీస్‌కి జోడీ థోత్. చనిపోయినవాళ్లకి దారి చూపే పని చూస్తే అనూబిస్. హెర్మీస్‌ని, అనూబిస్‌ని కలిపి హెర్మానూబిస్ అనే దేవుణ్ణే చేశారు. మన పోలేరమ్మను పార్వతి అంశ అంటాం, అయినా జాతర పోలేరమ్మదే కదా!

నాలుగోది "ఎవరి మాట". ఐసిస్ అంటే డిమీటర్ అన్నది క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్. అఫ్రొడైటీతో కలపడం ఈజిప్టునేలిన గ్రీకు రాజులు టాలమీల కాలంలో బలపడింది.

హోరస్‌తో జాగ్రత్త. హెరొడోటస్ హోరస్‌ని అపోలో అన్నాడు, బాస్టెట్‌ని ఆర్టెమిస్ అన్నాడు. గ్రీకుల్లో వాళ్లు అన్నాచెల్లెళ్లు గనక ఇక్కడా ఐసిస్ పిల్లల్ని చేసేశాడు. ఈజిప్టు కథల్లో బాస్టెట్ సూర్యదేవుడు రా కూతురు. చుట్టరికం గీతలు మాత్రం గీయించకండి.

కృష్ణలంక:
రొసెట్టా శిలాశాసనం (క్రీ.పూ. 196; ఒకే శాసనం ఈజిప్టు, గ్రీకు భాషల్లో ఉంది) ఒక వరస పెట్టండి. అందులో టాలమీ 5 బిరుదుల్లోని ప్తాహ్ గ్రీకు పాఠంలో హెఫైస్టస్ అయ్యాడు, రా హీలియోస్, అమున్ జ్యూస్. అదే పాఠంలో ఐసిస్, ఒసిరిస్, హోరస్ పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. పేరు మార్చాలా వద్దా అన్నది రాసేవాళ్ల ఇష్టమేనన్నమాట.

ఏదైనా జోడీ మీద అనుమానమొస్తే ఆ దేవత ఊరికి గ్రీకులు పెట్టిన పేరు చూడండి, "పొలిస్" అంటే ఊరు. ఎడ్ఫూ హోరస్ ఊరు, గ్రీకుల నోట అపోలినోపొలిస్. థోత్ ఊరు హెర్మోపొలిస్. ఈజిప్టు దేవుడు మిన్ ఊరు అఖ్మీమ్, గ్రీకు దేవుడు పాన్ పేరుతో పానోపొలిస్.

అరండల్‌పేట:
సెరాపిస్‌ని ఎవరి పక్కన పెట్టాలి?

బ్రాడీపేట:
ఎవరి పక్కనా వద్దు, కింద విడిగా పెట్టండి. ఒసిరిస్, ఆపిస్ ఎద్దు కలిసిన దేవుడు, టాలమీలు గ్రీకు రూపమిచ్చి నిలబెట్టారు. గుబురు గడ్డం, నెత్తిన గింజలు కొలిచే కుంచం. బొమ్మలో కుంచం మరిచిపోతే జ్యూస్ అనుకుంటారు.

హార్పోక్రటీస్ బొమ్మ కూడా వేస్తుంటే "మౌన దేవత" అని రాయకండి. ఆ పేరుకి "పసి హోరస్" అని అర్థం. నోటి దగ్గర వేలు ఈజిప్టు బొమ్మల్లో పసితనానికి గుర్తు. "ఉష్" అంటున్నాడని గ్రీకులు, రోమన్లు పొరబడ్డారు.