అప్‌డేట్: మొత్తానికి పాస్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాం

మా ఆయనా నేనూ మాటలు మానేశాం, చర్చి కౌన్సెలింగ్‌కి వెళ్లాలా, డాక్టర్ దగ్గరికా అని పోయిన నెల అడిగాను కదా. విజయనగరంలోనే నాలుగు వారాలు వెళ్లాం.

మొదటిరోజు ఆయన చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు. పాస్టరమ్మ గారు ప్రార్థన కంటే ముందు టీ ఇచ్చారు. తర్వాత బైబిల్లో ఎఫెసీయులకు 4:26 చదివించి, "పొద్దుగూకేలోపు కోపం దించుకోమంది, సరే. అసలు కోపం దేనిమీదమ్మా?" అన్నారు. అప్పుమీద! ఆయన బొబ్బిలిలో చేసిన అప్పు సంగతి నాకు తెలిసింది అక్కడే.

ఆయనకి నిద్ర పట్టట్లేదని విని, ప్రార్థనతో సరిపెట్టకుండా మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయించారు. ఫోన్‌లో వాళ్లు డబ్బులేం అడగలేదు, తెలుగులోనే మాట్లాడారు.

అత్తగారు మాత్రం ఇంటిగుట్టు బయటపెట్టామని ఇంకా అలకే. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని వడ్డీ లెక్క కాగితం మీద రాశాం.