'ఎంజాయ్' తరువాత 'టు' ఎందుకు రాదు?

ప్రశ్న (మిర్యాలగూడ): మా పదో తరగతి పిల్లలు 'ఐ ఎంజాయ్ టు రీడ్' అని రాస్తున్నారు. 'వాంట్ టు రీడ్' సరైనదైనప్పుడు ఇది ఎందుకు తప్పో వారికి ఎలా వివరించాలి?

జవాబు (నల్లగొండ): సార్, ముందున్న క్రియే దీన్ని నిర్ణయిస్తుంది, ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ వంటి వాటి తరువాత జెరండ్ ('రీడింగ్' వంటి -ఇంగ్ రూపం), వాంట్, డిసైడ్, హోప్ వంటి వాటి తరువాత ఇన్ఫినిటివ్ ('టు రీడ్' వంటి రూపం) వస్తాయి. జాబితా బట్టీ పట్టించడం కన్నా వాక్యాలుగా పలికించడమే మేలని నా అభిప్రాయం.

జవాబు (మహబూబ్‌నగర్): అర్థం మారే క్రియలనూ చూపించండి. 'హి స్టాప్డ్ టు డ్రింక్ టీ' అంటే, దేవరకొండ వెళ్తూ దారిలో టీ తాగడానికి ఆగాడని. 'హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ' అంటే టీ తాగడమే మానేశాడని. 'లుక్ ఫార్వర్డ్ టు'లోని 'టు' మాత్రం ఇన్ఫినిటివ్‌లో భాగం కాదు, ప్రిపోజిషన్ (నామవాచకం ముందు వచ్చే పదం) కనుక, దాని తరువాత 'మీట్' కాక 'మీటింగ్' వంటి -ఇంగ్ రూపమే రావాలి.

ప్రశ్న (మిర్యాలగూడ): 'రిమెంబర్' కూడా ఇదే కోవలోకి వస్తుందా మేడమ్?

జవాబు (మహబూబ్‌నగర్): వస్తుంది. 'రిమెంబర్ టు లాక్' అంటే తాళం వేయడం మరచిపోవద్దని, 'రిమెంబర్ లాకింగ్' అంటే వేసిన సంగతి గుర్తుందని.