నల్లగొండలో 480 మంది నిలబడ్డరు, డిపాజిట్ పెరిగింది: న్యాయమేనా?

మునుగోడు సారు:
1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన పల్లెల గోస ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి పిలుపునిస్తే మామూలు జనం నామినేషన్లు వేశారు. అప్పుడు నామినేషన్‌తో కట్టే డిపాజిట్ 500 రూపాయలు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అదే ఏడాది పార్లమెంటు చట్టం సవరించి 10,000 చేసింది. ఇప్పుడు 25,000. రాజ్యాంగం 84వ అధికరణ పౌరసత్వం, 25 ఏళ్ల వయసు అడిగింది గానీ జేబులో ఎంతుందని అడగలేదు. ఈ పెంపు తప్పంటాను.

పాలమూరు బాటసారి:
సార్, ఓటరు సంగతేంది మరి? చూపు ఆనని ముసలమ్మ 480 గుర్తులల్ల తన గుర్తు ఎప్పుడు దొరకబట్టాలె? అదే ఏడు తమిళనాడు మొడక్కురిచ్చి అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డరు. గట్లయితే ఎన్నిక నడుస్తదా? పైగా 500 అనేది 1951 నాటి లెక్క.

దేవరకొండ పోరడు:
అన్నా, జనాన్ని తగ్గించాలంటే సంతకాలు అడగొచ్చు గద. పైసలే ఎందుకు?

పాలమూరు బాటసారి:
అదీ పెట్టిండ్రు తమ్మీ. గుర్తింపు ఉన్న పార్టీ టికెట్ లేకుంటే 10 మంది ఓటర్లు సంతకం పెట్టి ప్రతిపాదించాలె.

మునుగోడు సారు:
పది చాలకపోతే వెయ్యి చేయండి. సంతకం పేదోడి దగ్గరా ఉంటది. అసలు డబ్బు జనాన్ని ఆపిందా? 2019లో నిజామాబాద్ చూడండి. పసుపు బోర్డు కోసం రైతులు ఒక్కొక్కరు 25,000 కట్టి దిగారు. అందరూ కలిపి అభ్యర్థులు 185 మంది. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు (ఓటు మీటలుండే పెట్టెలు) పెట్టాల్సి వచ్చింది. పసుపు రైతు ఎట్లనో తెచ్చుకున్నాడు. మా నల్లగొండ మర్రిగూడ కూలీ ఎక్కడ తెస్తాడు? గెలవడానికి కాకుండా నిలబడితే ఎన్నికను ఎగతాళి చేసినట్టే అనేవాళ్లున్నారు. ఐదేళ్లకోసారి తప్ప పల్లె మాట అడగని చోట ఆ ఒక్కసారీ గట్టిగా అరవకూడదా? (1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లేసి పంపిన జిల్లా ఇది. మాకు మెల్లగా మాట్లాడే అలవాటు లేదు.)

గద్వాల కోడలు:
తెలంగాణలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. అంత పెట్టేటోళ్లకు 25,000 ఒక పూట చాయ్ ఖర్చు. ఆరో వంతు ఓట్లు రాక డిపాజిట్ పోయినా వాళ్లకు నష్టం లేదు. ఎస్సీ, ఎస్టీలకు సగం చాలు, నిజమే. బీసీ కూలీ మొత్తం కట్టాల్సిందే. గీ ముచ్చట ఎవరూ ఎత్తరేంది?

పాలమూరు బాటసారి:
అక్కా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డబ్బు తగ్గించి సంతకాలు పెంచుదామంటే నేను కాదనను. అయితే సార్, వెయ్యి సంతకాలు సరిచూసేదెవరు? నామినేషన్ల పరిశీలనకు ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి ఒక్కరోజే ఉంటది. దొంగ సంతకాలని ఎవడన్న అభ్యంతరం పెడితే ముందు కొట్టేసేది వకీలు లేనోని కాయితమే.